బరోగ్ దొరగారి సొరంగం

హర్యానాలోని కాల్కా నుండి హిమాచల్ ప్రదేశ్ రాజధాని సిమ్లా వరకు సాగే చిన్న రైలుమార్గం పొడవు 96 కిలోమీటర్ల పైచిలుకు. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు మాత్రమే. 1903 నవంబరు 9వ తేదీన ప్రారంభమైన ఈ మార్గానికి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో స్థానం లభించింది. సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తులో బయలుదేరిన బండి 2,000 మీటర్లు దాటిన ఎత్తుకు చేరుకోవాలి. ఆ ఎక్కుడు కోసం 800కు పైగా వంతెనలు, 900కు పైగా మలుపులు, 100కు పైగా సొరంగాలు నిర్మించారు. ఇనుప దూలాలకు బదులు అంతస్తులు అంతస్తులుగా పేర్చిన రాతి కమానుల వంతెనలు ఈ మార్గానికి ప్రత్యేక శోభ. వీటన్నింటి గురించి పర్యాటక శాఖవారి కరపత్రాలు ఎటూ చెబుతాయి. నేను వ్రాయదలచినది ఒకే ఒక్క సొరంగాన్ని గురించి, నేటికీ దాని పరిసరాలలో సంచరిస్తున్నాడని అక్కడివారు చెప్పుకునే ఒక ఇంజనీరు గారిని గురించి.

2022 అక్టోబరులో మేము ఎల్.టి.సి. మీద ఈ యాత్ర చేశాము. మా శ్రీమతికి మంచుకొండలు చూడాలని కోరిక. మా అమ్మాయికి మాత్రం బరోగ్‌లో దిగి రెండు రోజులుండాలని పట్టుదల. కారణమడిగితే, "అక్కడ దయ్యం ఉంది నాన్నా, అదీ మీలాగే ఇంజనీరే" అన్నది. ఆ మాటకు మా శ్రీమతి నవ్వు ఇంకా నాకు వినబడుతూనే ఉన్నది.

తెల్లవారుజామున కాల్కాలో ఎక్కాము. ఈ దారిలో ప్రతి సొరంగానికీ ముఖద్వారం మీద ఒక అంకె ఉంటుంది. చివరి సొరంగం అంకె 103. కాని 46వ నంబరుది ఇప్పుడు లేదు కనుక ఉన్నవి 102. పిల్లలందరూ కిటికీల వద్ద చేరి అంకెలు పైకి చదువుతుంటారు. కుమారహట్టి దాటిన తరువాత 33 వస్తుంది. అంతవరకు కేరింతలు కొట్టిన పిల్లలు ఇక్కడ నిశ్శబ్దమైపోతారు. దీని పొడవు 1,143 మీటర్లు దాటుతుంది. ఈ మార్గంలో ఇదే అన్నింటికన్న పెద్దది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బండి దీనిని దాటడానికి 2 నిమిషాల 45 సెకన్లు పట్టాలి. నేను గడియారం చూచుకున్నాను. లెక్క దాదాపు సరిపోయింది. చీకటిలో అది చాలా సుదీర్ఘమైన సమయమని మాత్రం ఏ లెక్కా చెప్పదు. తడిసిన రాతి వాసన, డీజిలు పొగ, ఒక్కసారిగా మీద పడే చలి, నాలుగు వైపుల నుండి తిరిగివచ్చే చక్రాల చప్పుడు. బయటపడిన మరుక్షణంలోనే బరోగ్ స్టేషను. ఎర్రని కప్పులు, పూలకుండీలు, వెనుక దేవదారు, చీడు చెట్ల అడవి. బండి ఇక్కడ కాసేపు ఆగుతుంది. దిగినవారందరూ టీ, కట్లెట్ల కోసం పరుగు తీస్తారు. మేము పెట్టెలతో సహా దిగిపోయాము.

ఇక కథ. ఈ మార్గం నిర్మాణకాలంలో కర్నల్ బరోగ్ అనే ఆంగ్లేయ ఇంజనీరుకు ఈ కొండను తొలిచే పని అప్పగించారట. పని త్వరగా ముగియాలని ఆయన రెండు వైపుల నుండి ఒకేసారి త్రవ్వకం మొదలుపెట్టించాడు. లెక్క ప్రకారం రెండు కొసలూ కొండ నడుమ కలవాలి. ఎంత త్రవ్వినా కలవలేదు. ప్రభుత్వ ధనం వృథా చేసినందుకు పైవారు ఆయనకు ఒక రూపాయి జరిమానా విధించారు. ఒక్క రూపాయి! ఆ అవమానం భరించలేక, ఒకనాడు తన కుక్కను వెంటబెట్టుకుని వ్యాహ్యాళికి వెళ్ళినట్లుగా వెళ్ళి, తుపాకితో కాల్చుకుని ప్రాణం తీసుకున్నాడు. అసంపూర్తిగా మిగిలిన ఆ సొరంగం ఎదుటనే ఆయనను పూడ్చారని చెబుతారు. ఆ తరువాత ప్రధాన ఇంజనీరు హెచ్.ఎస్. హారింగ్టన్ ఆధ్వర్యంలో సుమారు కిలోమీటరు దూరంలో కొత్త దారి ఎన్నుకుని, 1900 జూలై నుండి 1903 సెప్టెంబరు వరకు త్రవ్వి నేటి 33వ నంబరు సొరంగాన్ని పూర్తిచేశారు. ఖర్చు 8 లక్షల 40 వేల రూపాయలు.

ఈ కథ చెప్పేవారెవ్వరూ కర్నల్ గారి పూర్తి పేరు చెప్పరు. ఏ రెజిమెంటువాడో, ఏ తేదీన మరణించాడో చెప్పరు. తేదీలు లేని నివేదికను మన కార్యాలయంలోనైతే వెనక్కు త్రిప్పి పంపుతాము. కాని కథలోని సాంకేతిక భాగం మాత్రం నూటికి నూరుపాళ్ళు నమ్మదగినది. రెండు వైపుల నుండి సొరంగం త్రవ్వేటప్పుడు లోపల ఒకరికొకరు కనబడరు. కొండపై నుండి థియోడొలైటుతో కోణాలు కొలిచి, త్రిభుజాలు కట్టి, దిక్కును లోపలికి దింపుకోవాలి. నేటి సొరంగం పొడవునే తీసుకుంటే, ఒక్కొక్క వైపు నుండి సుమారు 570 మీటర్లు. ఆ దూరానికి దిక్కులో ఒక్క డిగ్రీ తేడా వస్తే కొస దాదాపు 10 మీటర్లు ప్రక్కకు పోతుంది. డిగ్రీలో ఆరవ వంతు తప్పినా ఒకటిన్నర మీటరు పైనే తేడా. లేజరు లేదు, ఉపగ్రహం లేదు. దట్టమైన అడవి, పొగమంచు, కొలత గొలుసులు, పగుళ్ళు విచ్చిన ఇసుకరాయి. తప్పడం ఆశ్చర్యం కాదు. ఈ మార్గంలో అన్ని సొరంగాలు తప్పకుండా కలిశాయే, అదీ ఆశ్చర్యం!

హారింగ్టన్‌కు దారి చూపినవాడు చైల్ సమీపంలోని ఝాఝా గ్రామానికి చెందిన భల్కు అనే సామాన్యుడట. చదువు లేదు. చేతిలో ఒక కర్ర. దానితో కొండను తట్టి, చెవి ఆనించి విని, "ఇక్కడ త్రవ్వండి" అని చూపేవాడని, అతడు గుర్తు పెట్టిన చోటనే త్రవ్వుకుంటూ పోయారని ప్రతీతి. దీనిని మహిమ అంటారు. సిమ్లాలో 2011లో తెరచిన రైల్వే ప్రదర్శనశాలకు బాబా భల్కు పేరే పెట్టారు. నాకు మహిమల మీద నమ్మకం తక్కువ. కాని కర్ర మీద నమ్మకం ఉన్నది. మన బొగ్గుగనులలో షిఫ్టు మొదలయ్యే ముందు పైకప్పు బండను గడ్డపారతో తట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా, డప్పు చప్పుడులా పలికితే లోపల విడివడి ఉన్నదన్నమాట. దాని క్రింద ఎవ్వరూ నిలబడరు. ఇరవై యేళ్ళు తట్టిన చెవికి ఏ పరికరమూ సాటిరాదు. భల్కు ఆ చెవి గలవాడై ఉంటాడు.

మన సంస్థలో చేరక పూర్వం నా ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలు ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగాలలో గడిచాయి. అక్కడ రాత్రి షిఫ్టు కూలీలు "రాయి మాట్లాడుతున్నది" అని చెప్పి పని ఆపేసేవారు. నిజంగానే టప్పుమని, చిటచిటమని చప్పుళ్ళు వచ్చేవి. ఎవరో లోపల నుండి పిలుస్తున్నారని కొందరనేవారు. ప్రమాదంలో పోయినవారి పేర్లు కూడా చెప్పేవారు. మీది కొండ భారం వల్ల రాతిలో పేరుకున్న ఒత్తిడి, త్రవ్వగానే విడుదలై పెచ్చులు ఎగిరే చప్పుడది. భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ వివరణ ఇచ్చేలోగా కూలీలు బయటకు వచ్చేసేవారు, అదే మంచిదయ్యేది. వారు చెప్పిన కారణం తప్పు, వారు చేసిన పని ఒప్పు. ఇటువంటి దయ్యాల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఎవరు లెక్కగట్టారు?

అక్కడే నాతోపాటు పనిచేసిన ఒక సర్వే ఇంజనీరు ఉండేవాడు. పేరు వ్రాయను. చాలా శ్రద్ధగలవాడు, రాత్రిపూట రెండుసార్లు కోణాలు సరిచూసుకునేవాడు. ఒక ప్రక్క సొరంగం కలిసినప్పుడు అనుమతించిన దానికన్న తేడా ఎక్కువ వచ్చింది. ప్రక్క గోడ చెక్కి సరిచేశారు, ఖర్చు పెద్దగా కాలేదు. అయినా విచారణ జరిగింది. బాధ్యత అతని ఒక్కడి మీద మోపి, వివరణ కోరుతూ ఇచ్చిన కాగితాన్ని నోటీసు బోర్డుకు కూడా అంటించారు. అంటించమని ఏ నిబంధనలోనూ లేదు. అతడు మూడు రోజులు మెస్సుకు రాలేదు. నాలుగవ రోజు పరికరాలన్నీ తుడిచి, పెట్టెలలో సర్ది, జాబితా వ్రాసి ఇచ్చి, ఊరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కోస్తాలో ఒక ఊళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. పండుగలకు ఫోను చేసుకుంటాము. సొరంగాల మాట మాత్రం ఎత్తుకోము. బరోగ్ స్టేషనులో టీ త్రాగుతూ ఒక్క రూపాయి కథ వింటున్నప్పుడు మా అమ్మాయి, "రూపాయికే అంత అవమానమా నాన్నా?" అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నష్టం రాబట్టడానికి విధించే జరిమానా వేరు, నలుగురూ నవ్వడానికి విధించే జరిమానా వేరు.

బరోగ్‌లో ఎవరినడిగినా దొరగారి సంగతి చెబుతారు. టీ కొట్టు యజమాని చూడలేదు గాని ఆయన మామగారు చూశాడట. మా బస వంటమనిషి గుర్రపు డెక్కల చప్పుడు రెండుసార్లు విన్నాడట. నాకు అబ్బురమనిపించినదేమంటే, వీరిలో ఒక్కరు కూడా భయపడుతూ చెప్పలేదు. "మంచి దొర, ఎవరినీ ఏమీ అనడు. ఎదురైతే పలకరిస్తాడు, అంతే" అంటారు, వీధి చివరి ఇంటి పెద్దమనిషిని గురించి చెప్పినట్లు.

అన్ని స్టేషన్ల దయ్యాలూ ఇంత మర్యాదస్థులు కారు. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బేగున్‌కోడోర్ అనే చిన్న స్టేషను ఉన్నది. రాత్రివేళ తెల్లచీర కట్టిన స్త్రీ పట్టాల మీద కనబడిందని స్టేషను మాస్టరు చెప్పాడని, ఆ తరువాత కొద్దికాలానికే ఆయన మరణించాడని కథ. సిబ్బంది ఎవ్వరూ అక్కడ పనిచేయడానికి ఒప్పుకోలేదు. 1967లో మూతపడిన స్టేషను తిరిగి తెరుచుకోవడానికి 2009 దాకా పట్టింది. 42 సంవత్సరాల పాటు ఆ చుట్టుప్రక్కల పల్లెల రైతులు, విద్యార్థులు, రోగులు తమ ఊరి మీదుగా పోతున్న రైలును చూస్తూ మరొక స్టేషనుకు ప్రయాణమై వెళ్ళారు. 2017లో హేతువాదులు కొందరు అక్కడ ఒక రాత్రంతా గడిపి, దయ్యమేదీ కనబడలేదని ప్రకటించారు. ఇటువంటి చోట నేను నిస్సంకోచంగా హేతువాదుల పక్షమే. బరోగ్‌లో మాత్రం నా పక్షమేదో నాకే తెలియదు, ఎందుకో ముందు చెబుతాను.

మరునాడు పాత సొరంగానికి దారి చూపడానికి ఒక విశ్రాంత గ్యాంగ్‌మన్ దొరికాడు. వయసు డెబ్బై పైనే. కొండ ఎక్కడంలో మాత్రం మా అందరికన్నా ముందున్నాడు. సూదుల్లాంటి చీడు ఆకులు పరచుకుని దారి జారుతున్నది. మా శ్రీమతి మూడుచోట్ల ఆగి, "ఏమండీ, ఎల్.టి.సి.లో ఇది కూడా రాస్తారా?" అన్నది. అడవి మధ్య, నాచు పట్టిన రాళ్ళ నడుమ ఒక చీకటి నోరు. అంతే. ముఖద్వారానికి అంకె లేదు. లోపల నుండి సన్నగా నీరు పారుతున్నది. పది అడుగుల దూరంలో ఉండగానే చల్లని గాలి మోకాళ్ళకు తగిలింది. మా అమ్మాయి నా చేయి పట్టుకున్నది. గుహ లోపలి గాలి బయటి గాలి కన్న చల్లనిది, బరువైనది కనుక నేలబారున బయటకు ప్రవహిస్తుందని ఆమెకు వివరించాను. నీటిబొట్టు ఒకటి పడితే గోడలు దానిని పదిసార్లు చెబుతాయని, దూరాన రెండు బొట్లు వరుసగా పడుతుంటే డెక్కల చప్పుడులాగే ఉంటుందని కూడా చెప్పాను. నిజంగానే అలాగే వినబడింది. టక్కు, టక్కు. కొంత సేపు. తరువాత ఆగిపోయింది. నీటి బొట్లు అలా ఆగవచ్చునా అని ఆమె అడగలేదు గనుక నేనూ ఆ ప్రస్తావన తేలేదు.

తిరిగివచ్చే ముందు ఒక బండ మీద కూర్చున్నప్పుడు ముసలాయన తన సంగతి చెప్పాడు. అడిగించుకుని చెప్పాడు, తనంతట తాను చెప్పలేదు.

వర్షాకాలంలో కొండదారులలో రాత్రి కాపలా తిరుగుడు ఉంటుంది. ఒక్కడే మనిషి, చేతిలో దీపం, సంచిలో పట్టాల మీద పెట్టే టపాకులు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరు, ఇరవై ఏడు ఏళ్ళు. కుండపోత వాన. సొరంగం దాటి మలుపు తిరిగే చోట గుర్రం మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. టోపీ, పొడవాటి కోటు. ముఖం కనబడలేదు. ప్రక్కన కుక్క. ఇంత వానలో అడవిశాఖ అధికారి ఎవరో వచ్చాడనుకుని సలాము చేశాడట. ఆ మనిషి చేయి పైకెత్తి, ఆగుమన్నట్లు చూపాడు. ఇతడు ఆగాడు. ఎంతసేపని నేనడిగాను. "బీడీ కాల్చేంత సేపు సాబ్. వానలో బీడీ వెలగలేదనుకోండి" అన్నాడు నవ్వుతూ. అప్పుడు మలుపు అవతల పెద్ద చప్పుడైంది. దీపం ఎత్తి చూస్తే గుర్రం లేదు, మనిషి లేడు. నాలుగడుగులు ముందుకు వెళ్ళేసరికి ఇంటంత బండ పట్టాల మీద పడి ఉన్నది. టపాకులు పెట్టి, స్టేషనుకు పరుగెత్తి కబురు చెప్పాడు. తెల్లవారి మొదటి బండిని ఆపివేశారు.

నేను వెంటనే నా ధోరణిలో ప్రశ్నలు వేశాను. బండ పడేముందు చిన్న రాళ్ళు జారే చప్పుడు వినబడిందా? మెరుపులో చెట్టు మొద్దు మనిషిలా కనబడిందేమో? ఆ వయసులో రాత్రి నిద్ర చాలక కళ్ళు మోసం చేశాయేమో? ఆయన ప్రతి ప్రశ్నకూ తలూపాడు. "అయి ఉండవచ్చు సాబ్. అన్నీ అయి ఉండవచ్చు." వాదించాలన్న ఉద్దేశం ఏ కోశానా లేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నలన్నీ తనకు తానే వేసుకుని ఉంటాడు.

"మరి రిపోర్టులో ఏమని రాశారు?" అని అడిగాను.

"బండ పడింది, దారి మూసుకుపోయింది అని రాయించాను. గుర్రం సంగతి రాయించలేదు. రాయిస్తే మా మేస్త్రీ నన్ను తాగానని సస్పెండ్ చేయించేవాడు."

మనకు తెలిసిన రిపోర్టులలో రాయించని గుర్రాలు ఎన్ని ఉన్నాయో!

దిగివచ్చేటప్పుడు నేనొక విషయం గమనించాను. కొండను తొలిచి గెలిచిన హారింగ్టన్ పేరు మీద ఆ పరిసరాలలో నాకు ఒక్క పలక కూడా కనబడలేదు. ఓడిపోయినవాని పేరు మాత్రం స్టేషనుకు ఉన్నది, ఊరికి ఉన్నది, సొరంగానికి ఉన్నది. మన గోదావరి జిల్లాలలో కాటన్ దొరకు విగ్రహాలున్నాయి, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి అన్నం పెట్టినవాడని స్నానవేళ తలచుకునే పెద్దలున్నారు. గెలిచిన ఇంజనీరును అలా తలచుకోవడం సహజం. ఓడిపోయిన పరాయిదేశపు ఇంజనీరును ఇంత ఆప్యాయంగా తమవాడిని చేసుకున్న ఊరు మరొకటి నేను చూడలేదు. ఆయన ఉన్నాడా, లేడా, అసలు ఎన్నడైనా బ్రతికాడా అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం.

వెళ్ళదలచిన మిత్రులకు రెండు మాటలు. అక్టోబరు, నవంబరు నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. వర్షాకాలంలో కొండచరియలు విరిగి ఈ మార్గంలో రైళ్ళు తరచుగా ఆగిపోతుంటాయి. చిన్న రైలుకు సీట్లు తక్కువ కనుక ముందుగానే రిజర్వు చేసుకోవాలి. కాల్కా నుండి బరోగ్ సుమారు 43 కిలోమీటర్లు. పాత సొరంగానికి స్థానికుల తోడు లేకుండా వెళ్ళవద్దు, లోపలికి అసలే వెళ్ళవద్దు. దయ్యం వల్ల కాదు, పైకప్పు వల్ల. మంచి బూట్లు, టార్చిలైటు అవసరం.

గ్యాంగ్‌మన్ డబ్బు పుచ్చుకోలేదు. మా శ్రీమతి ఇంటి నుండి తెచ్చిన పూతరేకుల పెట్టె ఇచ్చింది. కాగితంలాంటి మిఠాయి చూసి ఆయన చాలాసేపు అటూ ఇటూ త్రిప్పాడు, ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తరువాత రెండు రేకులు విడిగా తీసి జేబురుమాలులో చుట్టుకున్నాడు. మనవలకా అని అడిగితే, కాదన్నాడు; రేపు పైకి వెళ్ళినప్పుడు సొరంగం ముందు పెడతాడట.

"కోతులు తినేస్తాయి కదా తాతా?" అన్నది మా అమ్మాయి, తనకు వచ్చిన హిందీలో.

"తింటాయి బేటీ. ముందు సాహెబు చూస్తాడు" అన్నాడాయన.